టీవీ డాక్యుమెంటరీల్లో యుద్ధవిద్యలు: కెమెరాకి దొరికేది ఎంత, జారిపోయేది ఎంత

2017 ఏప్రిల్ చివర్లో చైనాలోని చెంగ్డూ నగరంలో ఒక పోటీ జరిగింది. ఒకవైపు షు షియావోదోంగ్ అనే ఎంఎంఏ (రకరకాల విద్యలు కలిపి కొట్టుకునే పోటీ) ఫైటర్, ఇంకోవైపు వెయ్ లే అనే తైచీ గురువు. అర నిమిషం కూడా పట్టలేదు. గురువుగారు చేతులు చాచి తైచీ భంగిమలో కుదురుకునేలోపే షు మీదికొచ్చేసి, కింద పడేసి, ఎడాపెడా గుద్దాడు, అంతే, ఆట అయిపోయింది. వీడియో బయటికొచ్చాక చైనాలో పెద్ద రచ్చ అయింది. అక్కడి వుషు సంఘం ఖండించింది, షు సోషల్ మీడియా అకౌంట్ మాయమైంది, ఒక వ్యాపారి అయితే ఇతన్ని ఓడించే సంప్రదాయ గురువుల కోసం కోటి యువాన్ల బహుమతి ప్రకటించాడు. రెండేళ్ల తర్వాత ఇంకో పేరున్న తైచీ గురువుని మోసగాడు అన్నందుకు షు క్షమాపణ చెప్పాలని కోర్టు తీర్పు కూడా వచ్చింది.

ఆ గొడవలో అందరూ అడిగింది "తైచీ పనిచేస్తుందా, చెయ్యదా?" అని. అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకోటుంది. ఈ వెయ్ లే అనే ఆయన్ని జనానికి గొప్ప గురువుగా చూపించింది ఎవరు? చైనా ప్రభుత్వ టీవీ సీసీటీవీ. అసలైన కుంగ్‌ఫూ ఏమిటో చూపిస్తామంటూ తీసిన ఒక సీరీస్‌లో ఆయన కనిపించాడు. అరచేతిలో పావురాన్ని పెట్టుకుంటే అది ఎగరలేకపోయిందని, చేత్తో కొడితే పుచ్చకాయ తొక్క అలాగే ఉండి లోపలి గుజ్జు మాత్రం చితికిపోయిందని చూపించారు. మేజిక్ షోలో చూస్తే చప్పట్లు కొట్టి ఊరుకుంటాం. డాక్యుమెంటరీ అన్న ముద్ర పడేసరికి అదే సమాచారం అయిపోయింది, ఆ మనిషి నిపుణుడైపోయాడు.

ఇది ఒక్క ఛానల్ నిజాయితీకి సంబంధించిన విషయమైతే ఇంత రాయక్కర్లేదు. నిజాయితీగా, డబ్బు పెట్టి, ప్రపంచమంతా తిరిగి తీసిన కార్యక్రమాలు కూడా యుద్ధవిద్యల దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక పక్కకి ఒరిగిపోతాయి. ఎందుకంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏది తియ్యాలి, చివర్లో ఏం రావాలి అన్నది విమానం ఎక్కకముందే కార్యక్రమం అచ్చు, అంటే దాని ఫార్మాట్, నిర్ణయించేస్తుంది. ఆ అచ్చులు కూడా లెక్కకి ఎక్కువేం లేవు.

గురువు చుట్టూ తిరిగే కెమెరా

పాతదాంతో మొదలుపెడదాం. 1983లో బీబీసీ 'ది వే ఆఫ్ ది వారియర్' అని ఒక సీరీస్ వేసింది. కేరళ కళరిపయట్టు, జపాన్‌లో కటోరి షింటో ర్యూ అనే కత్తివిద్య, ఒకినావా కరాటే, ఫిలిప్పీన్స్ కర్రవిద్య ఎస్క్రీమా, ఇలా ఒక్కో దానికి ఒక్కో భాగం. అప్పటికి బయటి ప్రపంచానికి యుద్ధవిద్య అంటే బ్రూస్ లీ సినిమాలే. ఆ పరిస్థితిలో ఒక ఊళ్లో, ఒక గురువు దగ్గర కెమెరా పెట్టి, ఆయన మాట్లాడుతుంటే వినడమే పెద్ద మార్పు. ఈ పద్ధతిలో మంచి ఏంటంటే తొందర లేదు, సాధన సాధనలాగే కనపడుతుంది, కొట్టుకోవడం కంటే ఆ మనుషుల జీవితం ఎక్కువ కనపడుతుంది.

చెడు ఏంటంటే గురువు చెప్పింది అలాగే రికార్డులోకి వెళ్లిపోతుంది. ఈ విద్య ఎంత పాతది, ఎవరి నుంచి వచ్చింది, పూర్వం ఏ గురువు ఒక్కవేలితో ఎవరిని పడగొట్టాడు, ఇవన్నీ భక్తిగా విని భక్తిగా చూపించాల్సిందే. ఎదురు ప్రశ్న వేస్తే రేపటి నుంచి లోపలికి రానివ్వరేమో అన్న భయం కూడా సినిమా తీసేవాళ్లకి ఉంటుంది, అది అర్థం చేసుకోదగ్గదే. కటోరి షింటో ర్యూ లాంటి చోట దీనివల్ల పెద్ద నష్టం లేదు. 15వ శతాబ్దం నుంచి వంశావళి ఉన్న బడి అది, చేరేటప్పుడు రక్తంతో ప్రమాణం చేసే ఆనవాయితీ ఉంది, 1960లో చిబా ప్రాంత ప్రభుత్వం దాన్ని సాంస్కృతిక సంపదగా గుర్తించింది కూడా. కానీ ప్రతి విద్యకీ అలాంటి పత్రాలు ఉండవు, అయినా కామెంటరీ గొంతు మాత్రం అందరి గురించీ ఒకే నమ్మకంతో మాట్లాడుతుంది.

చివర్లో ఫైట్ ఉండాల్సిందే

2007కి వచ్చేసరికి అచ్చు మారింది. హిస్టరీ ఛానల్లో 'హ్యూమన్ వెపన్', డిస్కవరీలో 'ఫైట్ క్వెస్ట్', దాదాపు ఒకే సమయంలో, దాదాపు ఒకే ఫార్ములాతో వచ్చాయి. ఇద్దరు అమెరికన్ కుర్రాళ్లు ఒక దేశానికి వెళ్తారు, అక్కడి విద్యని కొన్ని రోజులు నేర్చుకుంటారు, దెబ్బలు తింటారు, చివర్లో స్థానికుడితో తలపడతారు. అప్పటికి అమెరికాలో యూఎఫ్‌సీ అనే ఎంఎంఏ పోటీల సంస్థ ఊపు మీద ఉంది, ప్రేక్షకుడికి రింగు అలవాటైంది, ఛానళ్లు కూడా అదే ఇచ్చాయి.

ఈ కార్యక్రమాలని కొట్టిపారెయ్యను. చెమట, నొప్పి, భయం నిజంగా కనపడతాయి, గురువుల సొంత మాటల కంటే ఒక కొత్తవాడి వాచిన కాలు కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది. ముఖ్యంగా ముయ్ థాయ్, జూడో, ఫ్రెంచి సవాత్, క్యోకుషిన్ కరాటే లాంటివాటికి ఈ అచ్చు బాగానే సరిపోయింది, ఎందుకంటే వాటికి పోటీ అనేది ఎప్పట్నుంచో ఉంది. వాళ్ల సాధన అంతా దాని చుట్టూనే అల్లుకుని ఉంటుంది.

తేడా ఎక్కడ కొడుతుందంటే, అలాంటి పోటీయే లేని విద్య దగ్గరికి ఇదే అచ్చు తీసుకెళ్లినప్పుడు. కళరిలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఇష్టమొచ్చినట్టు కొట్టుకునే ఆట సంప్రదాయంలో లేదు. కర్రతో అయినా కత్తితో అయినా ముందే కూర్చిన వరసలు ఉంటాయి, వాటిని ఇద్దరూ ఏళ్ల తరబడి కలిసి చేస్తారు, వేగం పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, గెలుపోటములు మాత్రం ఉండవు. 'ఫైట్ క్వెస్ట్' వాళ్లు కేరళ కూడా వచ్చారు. చివర్లో ఫైట్ ఉండాలి అన్న షరతుతో వచ్చే ఏ బృందానికైనా అక్కడ దొరికే సమాధానం ఆ విద్యలోంచి వచ్చింది కాదు, షెడ్యూల్ లోంచి వచ్చింది. పైగా పోటీలో దిగేవాళ్లు ఎవరో కూడా చూడాలి. 'హ్యూమన్ వెపన్' ఇద్దరిలో ఒకడు ఎంఎంఏ ఫైటర్, రెండోవాడు అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు, ఏనుగులాంటి మనిషి. వాడి బరువులో సగం ఉన్న మాస్టర్‌తో వాడు కుస్తీ పడితే అందులో విద్యల మధ్య తేడా కంటే కిలోల మధ్య తేడా ఎక్కువ కనపడుతుంది, అందుకే కదా బాక్సింగ్‌లోనూ కుస్తీలోనూ బరువుని బట్టి విభాగాలు పెట్టుకున్నారు.

సమయం సంగతి మరీ ముఖ్యం. గంట స్లాట్‌లో ప్రకటనలు తీసేస్తే మిగిలేది నలభై చిల్లర నిమిషాలు. అందులో దేశం పరిచయం, చరిత్ర, మార్కెట్లో ఏదో పురుగుల వేపుడు తినడం, శిక్షణ, గాయం, సందేహం, ఫైట్, కౌగిలింత, అన్నీ పట్టాలి. నిజం శిక్షణలో మొదటి ఆరు నెలలు దేనికి పోతాయో మీరు ఏ తాలింఖానాలోనో కరాటే క్లాసులోనో ఉంటే మీకే తెలుసు: నిలబడటం, అడుగు వెయ్యడం, మళ్లీ నిలబడటం. దాన్ని చూపిస్తే రిమోట్ నొక్కేస్తారు. కాబట్టి చివర నేర్పాల్సినవి మొదటిరోజే నేర్పినట్టు చూపిస్తారు, చూసేవాడికి యుద్ధవిద్య అంటే కొన్ని చిట్కాల మూట అనిపిస్తుంది.

ల్యాబ్‌లో కుంగ్‌ఫూ

మూడో అచ్చు సైన్స్. 2006లో నేషనల్ జియోగ్రాఫిక్ 'ఫైట్ సైన్స్' తీసింది. కార్ల యాక్సిడెంట్ పరీక్షల్లో వాడేలాంటి బొమ్మ, దానికి సెన్సర్లు, ఒళ్లంతా మెరిసే చుక్కలు అంటించుకున్న ఫైటర్లు, కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఎముకలు విరగడం. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, అనుమానం లేదు. మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ఇదే ఫైనల్ తీర్పు అనిపిస్తుంది, అంకెలు కనపడుతున్నాయి కదా.

ఆ అంకెల్ని కాస్త నిలబెట్టి అడగాలి. ఒక దెబ్బకి గరిష్ఠ బలం ఎంత అన్నది కొట్టినవాడి మీద మాత్రమే ఆధారపడదు, తగిలిన వస్తువు ఎంత గట్టిది, ఎంత బరువైనది, తాకి ఉన్న సమయం ఎంత అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అదే గుద్దు మెత్తటి ప్యాడ్ మీద ఒక అంకె ఇస్తుంది, గట్టి పలక మీద ఇంకో అంకె ఇస్తుంది. కదలని బొమ్మని, తీరిగ్గా దూరం కొలుచుకుని, ఒకే ఒక్కసారి, పూర్తి బలంతో కొట్టడం వేరు. కదిలే మనిషిని, వాడు తిరిగి కొడతాడని తెలిసి కొట్టడం వేరు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏంటంటే ఒక్కో విద్య తరఫున నిలబడేది ఒక్కో మనిషి. తైక్వాండో తరఫున ఒకాయన తన్నాడు, బాక్సింగ్ తరఫున ఒకాయన గుద్దాడు, తన్ను అంకె పెద్దదొచ్చింది. అక్కణ్నుంచి "తైక్వాండో తన్ను ప్రపంచంలోకెల్లా బలమైనది" అనే వాక్యం వరకూ ఒక్క గెంతు. నిజానికి అక్కడ తేలింది ఆ రోజు ఆ మనిషి కాలు ఇంకో మనిషి చెయ్యి కంటే గట్టిగా తగిలిందని. కాలు చేతికంటే బరువైనది, దానికి ల్యాబ్ అక్కర్లేదు.

అయినా సైన్స్ వైపు మొగ్గిన టీవీ ఒక్కోసారి చాలా మంచి పని చేసింది, అది చెప్పకపోతే అన్యాయం. అదే నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చిన 'ఈజ్ ఇట్ రియల్?' అనే సీరీస్‌లో జార్జ్ డిల్‌మన్ అనే అమెరికన్ కరాటే గురువు బృందం మీద ఒక భాగం ఉంది. ముట్టుకోకుండానే, చీ అనే శక్తితో మనిషిని పడగొడతామని వాళ్ల వాదన. సొంత శిష్యుల మీద చేస్తే చెట్టు కూలినట్టు కూలిపోయారు. లూయిజీ గర్లస్కెల్లి అనే ఇటాలియన్ కెమిస్ట్‌ని నిలబెట్టి చేస్తే ఆయన అలాగే నిలబడి చూస్తున్నాడు. ఎందుకు పనిచెయ్యలేదని అడిగితే డిల్‌మన్ ఇచ్చిన వివరణ టీవీ చరిత్రలో నిలిచిపోయింది: అవతలివాడు నమ్మకం లేనివాడు, పైగా నాలుక నోట్లో ఉండాల్సిన చోట లేకపోయినా, ఒక కాలి బొటనవేలు పైకెత్తి ఇంకోటి కిందికి నొక్కిపెట్టినా ఈ శక్తి పారదట. కెమెరా చేసిన పని ఏంటంటే, ఒక బయటివాణ్ని నిలబెట్టి, ఏమైందో కట్ చెయ్యకుండా చూపించడం. అంతే. వెయ్ లే పావురం దగ్గర జరగనిది అదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని వదిలేస్తే మొత్తం విషయం "శిష్యులు పడిపోతే మోసం" అన్నంత చవగ్గా తేలిపోతుంది. ఐకిడో అనే జపాన్ విద్యలో ఒకడు ఇంకోడి మణికట్టు తిప్పగానే వాడు గాల్లో పల్టీ కొట్టి పడతాడు, టీవీలో చూస్తే నాటకంలా ఉంటుంది. ఆ పల్టీ ఎవరూ బలవంతంగా కొట్టించింది కాదు, తనే ఎగురుతాడు, కానీ ఎగరకుండా బిగుసుకుని నిలబడితే మణికట్టు మీదో మోచేతి మీదో భారం పడుతుంది కాబట్టి ఎగురుతాడు. పడటం అక్కడ నేర్చుకునే విద్యలో సగం. ఒకడు సరిగ్గా పడగలిగితేనే ఇంకోడు పూర్తి వేగంతో సాధన చెయ్యగలడు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఈ సహకారం ముదిరి, గురువు చెయ్యి ఊపకముందే శిష్యుడు పడిపోయే స్థితి కూడా వస్తుంది, గురువు కూడా అది తన శక్తే అని నిజంగా నమ్మేస్తాడు. ఆరోగ్యకరమైన సహకారం ఎక్కడ ఆగింది, భ్రమ ఎక్కడ మొదలైంది అన్నది లోపలివాళ్లకే కనపడదు. డాక్యుమెంటరీ తియ్యాల్సిన అసలు కథ ఇదే అని నా ఉద్దేశం, కానీ టీవీలో నాకు కనిపించినవి రెండే రకాలు, అద్భుతం లేదా మోసం.

కేరళలో ఒక కళరి, దాని మీద వంద షాట్లు

మనకి దగ్గరిది కాబట్టి కళరి (విద్యనీ అలాగే అంటారు, అది నేర్పే చోటునీ అలాగే అంటారు) దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. కళరి మీద ఏ కార్యక్రమమైనా తీసుకోండి, దాదాపు ఇవే బొమ్మలు: ఎర్రమట్టి నేల, నూనె దీపం, వెనకనుంచి పడే వెలుతురులో నూనె మెరిసే ఒళ్లు, గాల్లో ఆగిపోయినట్టు తన్ను, కొరడాలా వంగే ఉరుమి కత్తి బుసకొడుతూ తిరగడం. వెనక చెండ అనే డోలు మోత. ఇవన్నీ అక్కడ ఉన్నవే, ఎవరూ కల్పించలేదు. కానీ ఉరుమి అనేది నేర్చుకునేది చాలా ఆలస్యంగా. ముందు మెయ్‌తారి, అంటే ఒంటిని సిద్ధం చేసే వరసలు, తర్వాత కర్రలు, ఆ తర్వాత ఇనప ఆయుధాలు, వట్టి చేతుల పోరు చివరి మెట్టు. టీవీలో ఈ క్రమం తలకిందులు, ఉరుమితో మొదలై ఉరుమితో ముగుస్తుంది.

దీనికంటే నాకు బాధనిపించేది శబ్దం. కళరిలో గురుక్కళ్, అంటే గురువు, పక్కన నిలబడి వాయ్‌తారి చెబుతుంటారు. ఏ కాలు ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వంగాలి, ఎప్పుడు తిరగాలి అని మలయాళంలో ఒక లయలో సాగే ఆజ్ఞలు అవి. పిల్లలు దాన్ని విని కదులుతారు. ఒకరకంగా ఆ విద్య పుస్తకమంతా ఆ గొంతులో ఉంది, తరం నుంచి తరానికి అందింది అలాగే. నేను చూసిన వీడియోల్లో చాలావాటికి ఎడిటింగ్‌లో ముందు పోయేది ఈ గొంతే. దాని మీద సంగీతం వేస్తారు, దాని మీద కామెంటరీ వేస్తారు, కత్తి ఊపినప్పుడు "వ్యుష్" అనే శబ్దం స్టూడియోలో కలుపుతారు.

ఇంకోటి కాలం. కళరికి అసలు సీజన్ వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, గాలిలో తేమ ఉండి ఒళ్లు సాగే రోజుల్లో, నూనె రాసి కాళ్లతో చేసే ఉళిచిల్ మర్దన కూడా అప్పుడే. కానీ ఎండ బాగా పడే పర్యాటక సీజన్‌లో కెమెరాతో వెళ్లినవాళ్లకి దొరికేది ఎక్కువగా ప్రదర్శన. వడకరలో మీనాక్షి అమ్మ సంగతే చూడండి. చీరకట్టుతో కర్రా కత్తీ తిప్పే డెబ్బై దాటిన ఆవిడ వీడియో కొన్నేళ్ల క్రితం దేశమంతా తిరిగింది, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. "కత్తి పట్టిన బామ్మ" అనే కోణం దొరికాక ఇంక మిగతాది ఎవరికి కావాలి? ఆవిడ ఏడేళ్ల వయసులో మొదలుపెట్టిన సంగతి, భర్త రాఘవన్ గురుక్కళ్ 1949లో పెట్టిన కడత్తనాడన్ కళరి సంఘంలో ఫీజు తీసుకోకుండా గురుదక్షిణ పద్ధతిలో పిల్లలకి నేర్పే సంగతి, అలా నడిపించడానికి ఇల్లు గడిచే లెక్కలు ఎలా ఉంటాయన్న సంగతి, రెండు నిమిషాల క్లిప్పులో ఇమడవు. నాకైతే ఆ లెక్కలే ఉరుమి కంటే ఆసక్తిగా ఉంటాయి.

మర్మాల సంగతి కూడా చెప్పాలి. సుశ్రుత సంహితలో 107 మర్మస్థానాలు చెప్పారు, కళరిలోనూ మర్మవిద్య ఉంది. టీవీకి ఇది వరం, "ఒక్క వేలితో ప్రాణం తీసే రహస్యం" అని ప్రోమో కట్ చేసుకోవచ్చు. అక్కడ నిజంగా రోజూ జరిగేది దానికి రెండో వైపు: మోకాలు పట్టేసినవాళ్లు, భుజం జారినవాళ్లు వస్తారు, గురుక్కళ్ కట్టు కడతాడు, నూనె రాస్తాడు. చాలా కళరిలకి బతుకుతెరువు ఆ వైద్యమే.

మూడువేల ఏళ్ల మాట

కళరి గురించిన ప్రతి కార్యక్రమంలో ఒక వాక్యం ఉంటుంది, ప్రపంచంలోని యుద్ధవిద్యలన్నిటికీ తల్లి ఇదే, మూడువేల ఏళ్ల నాటిది, ఇక్కణ్నుంచే బోధిధర్ముడు అనే బౌద్ధ భిక్షువు చైనాకి తీసుకెళ్లి షావోలిన్ మఠంలో నేర్పాడు అని. మన దగ్గర 2011లో తమిళం నుంచి వచ్చిన 'సెవెన్త్ సెన్స్' సినిమా తర్వాత ఇది ఇంచుమించు అందరూ ఒప్పుకున్న చరిత్ర అయిపోయింది. వాట్సాప్‌లో దీన్ని కాదంటే దేశద్రోహం.

తెలిసినంతలో విషయం ఇది. ఆయుధవిద్య అనేది ఈ దేశంలో చాలా పాతది, ధనుర్వేద గ్రంథాలు ఉన్నాయి, అందులో తగాదా లేదు. కానీ మనం ఇవాళ చూసే రూపంలో కళరికి ఆధారాలు సుమారు 11, 12 శతాబ్దాల నుంచి. చేర చోళ యుద్ధాల కాలంలో ఇది రూపు కట్టిందని కేరళ చరిత్రకారుడు ఎలంకుళం కుంజన్ పిళ్ళ అభిప్రాయం. బోధిధర్ముడి గురించి చైనా పాత వృత్తాంతాలు రెండు రకాలుగా చెబుతాయి, ఒకటి పర్షియా వాడంటుంది, ఇంకోటి దక్షిణ భారతం నుంచి వచ్చాడంటుంది. ఆయన పేరుని వ్యాయామాలతో ముడిపెట్టిన యీజిన్ జింగ్ అనే గ్రంథం 1624 నాటిది, అంటే ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాత. అంతకుముందు షావోలిన్ సన్యాసులు తమ కర్రసాముకి మూలంగా చెప్పుకున్నది వజ్రపాణి దేవతని, ఆ కథ చెక్కిన 1517 నాటి శిలాఫలకం ఉంది. బోధిధర్ముడే కుంగ్‌ఫూ మూలపురుషుడు అన్నది జనంలో గట్టిగా పాకింది 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన నవలలూ చౌకరకం కుంగ్‌ఫూ పుస్తకాల వల్ల. మీయర్ షహర్ అనే పరిశోధకుడు దీని మీద వివరంగా రాశాడు. ఇంత సమాచారం అందుబాటులో ఉన్నా కామెంటరీ స్క్రిప్టులో "అని చెబుతారు" అనే చిన్న మాట వేసి పాత కథే చెబుతారు. ఆ రెండు మాటలు స్క్రిప్ట్ రచయితకి రక్షణ కవచం, ప్రేక్షకుడి చెవికి మాత్రం అవి వినపడవు.

ఈ జబ్బు మనది ఒక్కళ్లదే కాదు. తైక్వాండో రెండువేల ఏళ్ల కొరియా విద్య అని ఎన్ని కార్యక్రమాల్లో వినుంటారో. ఆ పేరు పెట్టింది 1955లో, దానికి రూపమిచ్చిన మొదటి తరం మాస్టర్లలో చాలామంది జపాన్ కరాటే నేర్చుకున్నవాళ్లు. కరాటే కూడా ఒకినావా నుంచి జపాన్ ప్రధాన భూభాగానికి వచ్చి జనానికి తెలిసింది 1922లో ఫునాకోషి టోక్యోలో ప్రదర్శన ఇచ్చిన దగ్గర్నుంచి. తెల్లబట్టలు, రంగుల బెల్టులు అన్నీ 1882లో కానో జూడో మొదలుపెట్టిన తర్వాతి సంగతులే. బ్రెజిల్ కాపొయెరా 1890 శిక్షాస్మృతిలో నేరం, మెస్త్రె బింబా 1930ల్లో బడి పెట్టి దానికి గౌరవం తెచ్చాడు, 2014లో యునెస్కో జాబితాకెక్కింది. నన్నడిగితే ఈ కొత్త చరిత్రే పురాణం కంటే మంచి టీవీ: వలసపాలన, పోలీసులు, స్కూల్ డ్రిల్లు, జాతీయ గర్వం, ఒలింపిక్స్, అన్నీ ఉన్నాయి ఇందులో. కానీ "వందేళ్ల నాటి ప్రాచీన విద్య" అని ప్రోమో వెయ్యలేరు కదా.

పాతదనం మీద ఈ మోజుకి ఛానల్ ఒక్కటే కారణం కాదు. గురువుకి శిష్యులు కావాలి, రాష్ట్రానికి పర్యాటకులు కావాలి, దేశానికి యునెస్కో ముద్ర కావాలి, అందరికీ కలిసొచ్చే కథ ఒకటే. షావోలిన్‌లో ఏం జరిగిందో చూడండి. 1928లో యుద్ధప్రభువుల గొడవల్లో ఆ మఠం చాలావరకు కాలిపోయింది. 1982లో జెట్ లీ మొదటి సినిమా వచ్చాక కుర్రాళ్లు మూటాముల్లే సర్దుకుని అక్కడికి వచ్చేశారు, చుట్టూ డెంగ్‌ఫెంగ్ ఊరంతా కుంగ్‌ఫూ స్కూళ్లు వెలిశాయి, ఇప్పుడు వేలాదిమంది పిల్లలు ఒకే లయలో కదిలే మైదానాలు ఉన్నాయి. డాక్యుమెంటరీ వాళ్లు వెళ్లి డ్రోన్ ఎగరేసి "ప్రాచీన సంప్రదాయం" అని చూపించేది ఆ మైదానాల్నే. తెర మీద చూసి వచ్చినవాళ్లు తయారుచేసిన దృశ్యం మళ్లీ తెర మీదికి వెళ్తోంది.

మన వస్తాదులు ఎక్కడ?

మన దగ్గర ఈ సమస్య ఇంకోరకం. కర్రసాము, కత్తిసాము, గరిడీలు, హైదరాబాద్ పాతబస్తీ తాలీముల్లో కుస్తీ, ఇవన్నీ ఉన్నాయి, కానీ మన టీవీలో వీటికి దక్కేది పండగ బులెటిన్. అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా జరుగుతుంది, వాహనాల ఊరేగింపు ముందు కర్రలు, కత్తులు తిప్పుతారు, కళ్లకి గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కాయల్ని నరుకుతారు. ఛానళ్లు ఆ నరికే ముక్క పట్టుకుని "ఒళ్లు గగుర్పొడిచే విన్యాసాలు" అని స్క్రోలింగ్ వేసి వదిలేస్తాయి. ఆ వస్తాదు ఎవరు, దసరా కాని రోజుల్లో ఏం పని చేస్తాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఈ వాడ పిల్లలు ఇంకా వస్తున్నారా, దండీలు బస్కీలు తీసే ఆ గది ఎలా ఉంటుంది, ఏదీ రాదు.

సాహస విన్యాసాల్లో ఒడుపు ఎంత, భౌతికశాస్త్రం ఎంత అన్నది కూడా ఎవరైనా ఓపిగ్గా చూపిస్తే బాగుంటుంది. గొంతు మీద ఈటె పెట్టి వంచడం షావోలిన్ బృందాల ఫేవరెట్. ఈటె కర్ర వంగే రకం, వంగిన కొద్దీ తోసే బలంలో చాలాభాగం కర్రే మింగేస్తుంది, మొన కూడా గొంతు గుంటలో కాకుండా ఎముక దన్ను ఉన్న చోట కుదురుతుంది. మేకుల పరుపు మీద బరువు వందల మొనల మీద పంచుకుపోతుంది. ఇది తెలిసినంత మాత్రాన ఆ మనిషి సాధన తక్కువైపోదు, మెడ కండరాలు లేనివాడు ఆ పని చేస్తే ఆస్పత్రికే. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకుని, ఒంటికి చుట్టిన గొలుసులు తెంచి పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు 1942లో చనిపోయారు. మనకి ఆయన గురించి మిగిలినవి ఎక్కువగా ఫొటోలు, విగ్రహాలు, తాతలు చెప్పిన కథలు. ఊపిరి ఎలా బిగపట్టేవారు, పలక ఎలా అమర్చేవారు, రోజుకి ఎంత కసరత్తు చేసేవారు అన్నది తీరిగ్గా అడిగి రాసిపెట్టుకుని ఉంటే ఇవాళ అదెంత బాగుండేది.

ఇక చూసేటప్పుడు ఏం గమనించాలి అంటారా, నేనైతే మొదట ఒక దెబ్బ కట్ లేకుండా మొదట్నుంచి చివరిదాకా కనపడిందా అని చూస్తాను. తర్వాత అవతల నిలబడినవాడు ఎవరు, శిష్యుడా బయటివాడా అని. ఏళ్ల లెక్క చెప్పినప్పుడు ఎవరి మాట మీద చెబుతున్నారో ఒక్క మాటైనా వినపడిందా అని. కొత్తగా చేరిన పిల్లాడు ఒక్కడైనా తప్పు చేస్తూ కనపడ్డాడా అని కూడా, ఎందుకంటే తప్పు చేసేవాడు లేని ఫుటేజీ అంటే అది క్లాసు కాదు, రిహార్సల్ చేసిన ప్రదర్శన.

ఈ మధ్య ఇంకో మార్పు వచ్చింది. కళరి, పంజాబ్ గత్కా, మణిపూర్ థాంగ్-తా, మల్లఖంబ నాలుగింటినీ ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో చేర్చారు, 2022లో పంచ్‌కులలో పోటీలు జరిగాయి. పతకం ఉంటే మార్కులు ఉండాలి, మార్కులు ఉంటే చూడగానే కొలవగలిగేది కావాలి. వాయ్‌తారి వినడం ఎంత బాగా వచ్చిందో, పదేళ్ల జోడీ మధ్య నమ్మకం ఎంత కుదిరిందో స్కోరు షీట్‌లో పట్టదు. చవిట్టిపొంగల్ పడుతుంది. పైన వేలాడదీసిన బంతిని ఎగిరి తన్నడం, ఎంత ఎత్తున అందితే అంత పాయింటు. కళరి మీద కార్యక్రమాలు తీసేవాళ్లు నలభై ఏళ్లుగా వెతుక్కుంటున్న షాట్ సరిగ్గా అదే, ఇప్పుడు పిల్లలు దానికే కోచింగ్ తీసుకుంటున్నారు.